సీసీటీవీ వీడియో ఆధారంగా హత్య కేసులో శిక్ష పడితే అప్పీలు ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

హత్య కేసులో శిక్ష పడిన మనిషి ఇంటివాళ్లు అప్పీలు గురించి మాట్లాడటానికి వచ్చినప్పుడు చాలాసార్లు మొదట అనే మాట, "వీడియో ఉంది కదండీ, ఇంకేం చేస్తాం?" అని. ఆ మాటతోనే సగంమంది అప్పీలు గడువు పోగొట్టుకుంటున్నారు. కెమెరా చూపించింది ఒకటి, దాన్ని చూసి కోర్టు తీర్పులో రాసింది ఇంకొకటి. ఈ రెంటికీ మధ్య ఎంత దూరం ఉందో రికార్డు చదివితే తప్ప తెలియదు. మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలను దశలవారీగా ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. అన్నీ భారత చట్టం ప్రకారం రాసినవే.

## తీర్పు వచ్చిన మొదటి రోజుల్లో

తీర్పు నిన్ననే వచ్చింది. అప్పీలుకు ఎన్ని రోజులు టైం ఉంది?

సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష వేస్తే హైకోర్టులో అప్పీలుకు 60 రోజులు, ఉరిశిక్ష వేస్తే 30 రోజులు. 1963 నాటి లిమిటేషన్ చట్టం చెప్పే లెక్క ఇది. తీర్పు నకలు కోసం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి అది చేతికొచ్చే దాకా పట్టిన కాలాన్ని ఈ లెక్కలోంచి తీసేస్తారు. అప్పీలు చేసుకోవడం హక్కు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో ఇది సెక్షన్ 374(2), దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 415(2). జైలుశిక్ష పడిన ముద్దాయికి తీర్పు కాపీ ఒకటి వెంటనే ఉచితంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి.

గడువు దాటి ఏడాదైంది. ఇక తలుపులు మూసుకున్నట్టేనా?

కాదు. ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద పిటిషన్ వేయొచ్చు. మనిషి జైల్లో ఉన్నాడు, డబ్బు లేదు, సలహా చెప్పేవాళ్లు లేరు అన్న కారణాలను యావజ్జీవ ఖైదీల విషయంలో హైకోర్టులు సాధారణంగా సానుభూతితోనే చూస్తాయి. కానీ ఏ నెలలో ఏం జరిగిందో అఫిడవిట్‌లో ఉన్నదున్నట్టు రాయాలి. కల్పించిన అనారోగ్యాలు, దొంగ సర్టిఫికెట్లు వద్దు.

లాయర్‌కి ఇచ్చుకోవడానికి మా దగ్గర డబ్బుల్లేవు. అప్పీలు ఎలా వేయాలి?

జైల్లో ఉన్న ఎవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 ఆ మాట స్పష్టంగా చెప్తుంది. ఖైదీ తన అప్పీలును జైలు అధికారి చేతికి ఇస్తే చాలు, దాన్ని హైకోర్టుకు పంపడం ఆ అధికారి బాధ్యత. బయట ఉన్న కుటుంబం హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీని కలవొచ్చు, లేదా 15100కి ఫోన్ చేయొచ్చు. ఉచితంగా వచ్చే లాయర్ కదా, సరిగా చూడడేమో అనే భయం సహజమే. అందుకే వీడియోకు సంబంధించిన కాగితాలన్నీ మీరే ఒకచోట చేర్చి ఇవ్వండి, ఆయన పని సగం తేలికవుతుంది.

ఏ కాగితాలు తీసుకోవాలి? తీర్పు కాపీ ఒక్కటి చాలదా?

అప్పీలు దాఖలు చేయడానికి చాలు, వాదించడానికి చాలదు. వీడియో కేసులో ముఖ్యంగా కావలసినవి ఇవి: డీవీఆర్‌నో (కెమెరా దృశ్యాలు దాచే రికార్డర్) పెన్‌డ్రైవ్‌నో స్వాధీనం చేసుకున్నప్పుడు రాసిన పంచనామా, 65బి లేదా 63(4) సర్టిఫికెట్ (వీడియో కాపీ ఏ పరికరం నుంచి, ఎలా తీశారో చెప్పే కాగితం; అంకెలు పాత, కొత్త సాక్ష్య చట్టాల సెక్షన్లు), ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు, కెమెరా యజమాని సాక్ష్యం, వీడియో కాపీ చేసిన టెక్నీషియన్ సాక్ష్యం, దర్యాప్తు అధికారి క్రాస్ ఎగ్జామినేషన్, ముద్దాయిని కోర్టు ప్రశ్నించిన స్టేట్‌మెంట్. వీటితోపాటు వీడియో కాపీ కూడా. మెమరీ కార్డులో ఉన్న దృశ్యాలు కూడా 'డాక్యుమెంటే' అని, ముద్దాయి తన డిఫెన్స్ కోసం దాని క్లోన్ కాపీ అడగొచ్చని సుప్రీంకోర్టు 2019లో పి. గోపాలకృష్ణన్ కేసులో చెప్పింది. బాధితురాలి గోప్యత ముడిపడి ఉన్న కేసుల్లో మాత్రం కాపీ ఇవ్వకుండా చూసుకోనిస్తారు.

తీర్పు చివర్లో "వస్తువులను ధ్వంసం చేయాలి" అని రాశారు. అంటే డీవీఆర్ కూడా పోతుందా?

చాలామంది చదవకుండా వదిలేసే వాక్యం ఇది. తీర్పు ఆఖరి పేజీలో "అప్పీలు గడువు ముగిశాక ఎం.ఓ. 1 నుంచి 6 వరకు ధ్వంసం చేయాలి" లాంటి ఆదేశం మామూలుగా ఉంటుంది. ఎం.ఓ. అంటే మెటీరియల్ ఆబ్జెక్ట్, కోర్టులో సాక్ష్యంగా పెట్టిన వస్తువు. కత్తి, రక్తం అంటిన బట్టల వరుసలో డీవీఆర్ కూడా ఒక ఎం.ఓ. నంబరుగా కూర్చుని ఉంటుంది. అందుకని అప్పీలు వేసిన వెంటనే అప్పీలు నంబరును కింది కోర్టుకు తెలిపి, అప్పీళ్లన్నీ తేలేదాకా డీవీఆర్‌ను, హార్డ్ డిస్క్‌ను భద్రపరచమని మెమో వేయించండి. సీడీ మీద గీతలు పడి తెరుచుకోకపోతే అసలు రికార్డర్ ఒక్కటే దిక్కు.

కొత్త చట్టాలు వచ్చాయి కదా. మా కేసుకి పాత చట్టమా, కొత్తదా?

2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. నేరం ఆ తేదీకి ముందు జరిగితే హత్యకు పాత శిక్షాస్మృతి ఐపీసీలో సెక్షన్ 302, తర్వాత జరిగితే దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌లో 103. విచారణ ఆ తేదీకి ముందే నడుస్తూ ఉంటే సాక్ష్యాల విషయంలో పాత ఎవిడెన్స్ చట్టమే, అంటే వీడియోకు 65బి. కొత్త భారతీయ సాక్ష్య అధినియమం వర్తిస్తే సెక్షన్ 63. మీ కేసుకు ఏది వర్తిస్తుందో అప్పీలు మొదటి పేజీలోనే సరిగ్గా రాయించుకోవాలి.

## వీడియో కోర్టులోకి వచ్చిన దారి

65బి సర్టిఫికెట్ లేదు. అంటే కేసు కొట్టేస్తారా?

సర్టిఫికెట్ లేకపోతే పోయేది వీడియో. కేసు పోతుందా లేదా అన్నది మిగిలిన సాక్ష్యాల బలాన్ని బట్టి ఉంటుంది.

అసలు రికార్డర్ కాకుండా దాని కాపీ కోర్టుకు తెస్తే సర్టిఫికెట్ తప్పనిసరి అని 2014లో అన్వర్ పి.వి. కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో షఫీ మొహమ్మద్ కేసు దాన్ని కొంత సడలించింది. 2020 జులై 14న ముగ్గురు జడ్జిల బెంచ్ అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో ఆ సడలింపును కొట్టేసి, సర్టిఫికెట్ ఉండాల్సిందేనని తేల్చింది.

దీని ఫలితం రెండు రకాలుగా ఉండొచ్చు. 2014 జనవరిలో ముంబైలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని హత్య కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. రైల్వే స్టేషన్ సీసీటీవీ దృశ్యాలు అందులో ప్రధాన ఆధారం. 2015లో కింది కోర్టు ఉరిశిక్ష వేసింది, 2018లో హైకోర్టు ఖాయం చేసింది. 2025 జనవరి 28న సుప్రీంకోర్టు సర్టిఫికెట్ లేని ఆ వీడియోను పక్కన పెట్టి, మిగతా సాక్ష్యాలు కూడా నమ్మదగ్గవిగా లేవని ముద్దాయిని విడుదల చేసింది. దీనికి ఎదురుగా ఎర్రకోట దాడి కేసు ఉంది. 2022 రివ్యూలో సర్టిఫికెట్ లేని కాల్ రికార్డులను కోర్టు పక్కన పెట్టింది, అయినా మిగతా సాక్ష్యాలు నిలబడ్డాయని ఉరిశిక్షను అలాగే ఉంచింది. కాబట్టి మీ లాయర్‌ని అడగాల్సిన ప్రశ్న: "వీడియో తీసేస్తే ఇంకేం మిగులుతుంది?"

ముంబై కేసు తలచుకున్నప్పుడల్లా నాకు రెండు ఇళ్లు గుర్తొస్తాయి. ఒక ఇంటికి కూతురు లేదు, పదకొండేళ్ల తర్వాత జవాబూ లేదు. ఇంకో ఇంటి మనిషి ఉరి నీడలో ఏళ్లు గడిపాడు. ఒక్క కాగితం సమయానికి తీసుకోకపోతే దెబ్బ ఇద్దరికీ తగులుతుంది.

సర్టిఫికెట్ ఉంది. ఇక ఆ వైపు చూడక్కర్లేదా?

తప్పకుండా చూడాలి. సంతకం ఎవరిదో చూడండి. ఆ పరికరం ఎవరి ఆధీనంలో పనిచేస్తుందో వాళ్లు ఇవ్వాలి. వీడియో కాపీ చేసింది టెక్నీషియన్, సర్టిఫికెట్ మీద సంతకం మాత్రం ఏమీ తెలియని ఇంకొకరిది అయితే అది ప్రశ్నించదగ్గదే. ఏ పరికరం, ఏ సీరియల్ నంబరు, ఎలా కాపీ చేశారు అన్నది అందులో ఉండాలి. కొత్త చట్టం సెక్షన్ 63(4) కింద ఫారంలో రెండు భాగాలు: ఒకటి పరికరం బాధ్యుడు, రెండోది నిపుణుడు నింపాలి. ఫైలు హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఒక్క బిట్ మారినా ఆ అంకె పూర్తిగా మారిపోతుంది. సర్టిఫికెట్‌లో ఉన్న హాష్, ల్యాబ్ రిపోర్టులో ఉన్న హాష్ అక్షరం అక్షరం పోల్చి చూడండి.

కింది కోర్టులో మా లాయర్ అభ్యంతరం చెప్పలేదు. ఇప్పుడు చెప్పొచ్చా?

చెప్పొచ్చు, కానీ గట్టి ఎదురు వాదన వస్తుంది. 2017లో సోను వర్సెస్ హర్యానా కేసులో, రుజువు చేసే పద్ధతి మీద అభ్యంతరాన్ని సాక్ష్యం మార్క్ చేసే (నంబరు వేసి రికార్డులోకి తీసుకునే) సమయంలోనే చెప్పాలని, అప్పీల్లో మొదటిసారి లేవనెత్తడం కుదరదని సుప్రీంకోర్టు అంది. పీపీ (ప్రభుత్వం తరఫు లాయర్) తప్పకుండా దాన్నే చదువుతారు. సర్టిఫికెట్ లేకపోవడం చట్టం పెట్టిన షరతునే ఉల్లంఘించడం అని అర్జున్ పండిత్‌రావు, 2022 నాటి రవీందర్ సింగ్ తీర్పుల ఆధారంగా మీ లాయర్ జవాబు చెప్పాలి. డిపాజిషన్ల (కోర్టు రాసుకున్న సాక్షుల వాంగ్మూలాల) మధ్యలో "అభ్యంతరానికి లోబడి మార్క్ చేయడమైనది" అన్న చిన్న వాక్యం ఎక్కడైనా ఉందేమో వెతకండి. తీర్పులో కనబడకపోయినా డిపాజిషన్‌లో ఉండొచ్చు.

ప్రాసిక్యూషన్ ఇప్పుడు సర్టిఫికెట్ తెచ్చి పెడితే?

విచారణ ముగిసేలోపు తేవడానికి కోర్టు అనుమతించవచ్చు. అప్పీలు దశలో అడిగితే, ముద్దాయి న్యాయమైన విచారణకు దెబ్బ తగులుతుందా లేదా చూసి కోర్టు తన విచక్షణతో నిర్ణయిస్తుంది. దాన్ని అనుమతిస్తే ఆ సంతకందారుణ్ని క్రాస్ చేసే అవకాశం మాకూ ఇవ్వాలని గట్టిగా అడగాలి.

నాలుగు కెమెరాలుంటే పోలీసులు ఒక్కదాని వీడియోనే పెట్టారు. దీన్ని అప్పీల్లో వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు, చాలా బలమైన పాయింటు. వారణాసి హోటల్లో 2010లో ఒక ఇటాలియన్ పర్యాటకుడు చనిపోతే తోటి పర్యాటకులిద్దరికీ యావజ్జీవం పడింది. హోటల్లో సీసీటీవీ ఉంది, కానీ ఆ దృశ్యాలను ప్రాసిక్యూషన్ కోర్టు ముందు పెట్టలేదు. 2015 జనవరిలో టొమాసో బ్రూనో తీర్పులో సుప్రీంకోర్టు, చేతిలో ఉన్న మెరుగైన సాక్ష్యాన్ని దాచారంటే అది తమకు వ్యతిరేకంగా ఉందనే అనుకోవాలని చెప్పి ఇద్దరినీ విడుదల చేసింది. సర్టిఫికెట్ విషయంలో ఆ తీర్పు చెప్పినది సరికాదని 2020లో తేల్చారు, కాబట్టి దాన్ని ఆ పాయింటుకు వాడకండి. సాక్ష్యం దాచిపెట్టారన్న వాదనకు మాత్రం ఎవిడెన్స్ చట్టం సెక్షన్ 114 ఉదాహరణ (జి), కొత్త చట్టంలో 119, ఆధారం.

రికార్డర్‌లో పాత దృశ్యాల మీద కొత్తవి ఎక్కిపోతాయి, డిస్క్ సైజును బట్టి కొన్ని రోజులకో కొన్ని వారాలకో. పోలీసులు ఏ తేదీన వెళ్లారన్నది అందుకే ముఖ్యం. అప్పటికి మిగతా కెమెరాల దృశ్యాలు ఉన్నాయా, అడిగారా, ఎందుకు తీసుకోలేదు అన్నది దర్యాప్తు అధికారి క్రాస్‌లో దొరుకుతుంది.

## వీడియోలో అసలేం కనబడుతోంది

ముఖం కనబడట్లేదు. అయినా "ముద్దాయే" అని తీర్పులో రాశారు. ఇదేం న్యాయం?

ఎవరు గుర్తుపట్టారు, దేన్నిబట్టి గుర్తుపట్టారు అన్నదే ఇక్కడ అసలు విషయం. ముద్దాయిని ముందునుంచీ బాగా ఎరిగిన మనిషి నడకనుబట్టో ఒడ్డూ పొడుగునుబట్టో గుర్తుపడితే దానికి కొంత విలువ ఉంటుంది. అరెస్టు తర్వాత ముద్దాయిని చూసిన పోలీసు అధికారి వీడియో చూసి "ఇతనే" అంటే దాని విలువ చాలా తక్కువ. గుర్తింపు పరేడ్‌కు ముందే సాక్షులకు ఆ వీడియో చూపించి ఉంటే పరేడే బలహీనపడుతుంది.

రాత్రి దృశ్యాలైతే ఇంకొకటి చూడండి. చీకట్లో చాలా కెమెరాలు ఇన్‌ఫ్రారెడ్‌కి మారతాయి, బొమ్మ నలుపు తెలుపుల్లోకి వెళ్తుంది. కొన్ని రకాల నల్లని బట్టలు అందులో తెల్లగా మెరుస్తాయి. ఉదాహరణకు, పీడబ్ల్యూ 5 (ప్రాసిక్యూషన్ ఐదో సాక్షి) కోర్టులో "మెరూన్ షర్టునుబట్టి గుర్తుపట్టాను" అన్నాడనుకుందాం. వీడియో తెరిస్తే అందులో రంగే లేదు. అంటే ఆ సాక్షి చూసింది వీడియోలోని షర్టును కాదు, పోలీస్ స్టేషన్లో చూపించిన షర్టును. ఇలాంటి ఒక్క వాక్యం అప్పీలు దిశనే మార్చగలదు. వీడియోను మీ కళ్లతో చూడకుండా ఇది దొరకదు.

వీడియోలో టైం, ఎఫ్ఐఆర్‌లో టైం కలవట్లేదు. ఇది పెద్ద పాయింటేనా?

ఒక్కోసారి పెద్దది, ఒక్కోసారి ఏమీ కాదు. డీవీఆర్ గడియారాన్ని ఎవరూ సరిచేయక పది ఇరవై నిమిషాలు అటూ ఇటూ తిరుగుతుంటుంది. జాగ్రత్తగల దర్యాప్తు అధికారి స్వాధీనం చేసుకునేటప్పుడే "డీవీఆర్‌లో 4:32 చూపిస్తోంది, అసలు సమయం 4:15" అని పంచనామాలో రాస్తాడు. ఆ వాక్యం లేకపోతే తెర మీది సమయాన్ని నమ్మి మనిషి కదలికలను నిమిషాల లెక్కన తేల్చడం కుదరదు. కేసు మొత్తం "చివరిసారి ఇద్దరూ కలిసి కనబడ్డారు" అన్నదాని మీదే నిలబడితే ఆ పదిహేడు నిమిషాలే ప్రాణం. నలుగురు ప్రత్యక్ష సాక్షులుంటే మాత్రం దీనిమీద టైం వృథా చేసుకోవద్దు.

మావాడు అక్కడ నడుస్తున్నట్టు మాత్రమే ఉంది, చంపినట్టు లేదు. దానికే యావజ్జీవమా?

అప్పుడది పరిస్థితుల సాక్ష్యం మీద నడిచిన కేసు. 1984లో శరద్ బిర్ధిచంద్ సర్దా తీర్పు పెట్టిన కొలత ఇప్పటికీ అదే: ప్రతి పరిస్థితీ విడిగా రుజువు కావాలి, అన్నీ కలిసి గొలుసులా తెగకుండా ఉండాలి, ముద్దాయి నిర్దోషి అయ్యుండొచ్చనే సహేతుకమైన అవకాశం మిగలకూడదు. దారిలో నడిచాడన్నది గొలుసులో ఒక్క లింకు. చనిపోయిన సమయానికీ ఆ దృశ్యానికీ మధ్య ఎన్ని గంటలు, ఆ చోటికి ఇంకెవరు రాగలరు, వేరే దారి ఉందా అన్నవి చూడాలి. గుంపులో ఉన్నందుకే శిక్ష పడితే, ఉమ్మడి ఉద్దేశం ఉందని చూపే పని ఏదైనా వీడియోలో ఉందా అని సెకను సెకనుగా చూడాలి.

కొట్టినట్టు స్పష్టంగానే కనబడుతోంది. ఇక అప్పీలు వేసి ఏం లాభం?

లాభం ఉండొచ్చు. కొట్టాడా లేదా అన్న ప్రశ్న తేలిపోయినా, అది హత్యా లేక హత్యగా పరిగణించని ప్రాణహరణమా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ముందే అనుకోకుండా, ఉన్నట్టుండి జరిగిన గొడవలో, క్రూరంగా ప్రవర్తించకుండా కొట్టిన దెబ్బ అయితే శిక్షను ఐపీసీ 302 నుంచి 304కి మార్చే వీలుంది. కొత్త చట్టంలో అది బీఎన్‌ఎస్ 105. మొదట చెయ్యెత్తింది ఎవరు, ఆయుధం వెంట తెచ్చాడా లేక అక్కడ దొరికింది పట్టుకున్నాడా, ఒక దెబ్బతో ఆగాడా, కింద పడ్డాక కూడా కొట్టాడా అన్నవి ఏ సాక్షి కన్నా వీడియోయే బాగా చెప్తుంది. కోర్టులో వేసిన క్లిప్ గొడవ మధ్యలో మొదలైతే, ముందున్న రెండు నిమిషాలు ఎక్కడున్నాయో అడగాలి.

వీడియో ఎడిట్ చేశారని, ఏఐతో తయారు చేశారని మా అనుమానం. ఇది చెప్పొచ్చా?

ఒట్టి అనుమానంగా చెప్తే మిగతా మంచి పాయింట్ల మీద కూడా నమ్మకం పోతుంది. దృశ్యం మధ్యలో గెంతినట్టుంటే అది కత్తిరింపే అనుకోవద్దు. కదలిక ఉన్నప్పుడు మాత్రమే రికార్డయ్యే కెమెరాల్లో అలాంటి ఖాళీలు మామూలే. సీలు వేయకపోవడం, పంచనామాకూ ల్యాబ్‌కు పంపిన రోజుకూ మధ్య వారాల ఖాళీ ఉండడం, హాష్ కలవకపోవడం, ల్యాబ్ "ఎడిటింగ్ లేదని చెప్పలేం" అని రాయడం, ఇవీ వాదనకు ఆధారాలు.

జడ్జిగారు మావాణ్ని ప్రశ్నలడిగినప్పుడు వీడియో గురించి అడగనే లేదు. అది తప్పా?

తప్పే, అప్పీలుకు పనికొచ్చేదే. సీఆర్‌పీసీ 313, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 351 కింద ముద్దాయికి వ్యతిరేకంగా ఉన్న ప్రతి పరిస్థితినీ అతని ముందు పెట్టి వివరణ అడగాలి. అడగని పరిస్థితిని అతనికి వ్యతిరేకంగా వాడకూడదని సర్దా తీర్పులోనే ఉంది. దానివల్ల ముద్దాయికి ఏం నష్టం జరిగిందో కూడా చూపించగలిగితే పాయింటు బలపడుతుంది.

## హైకోర్టులో

జడ్జిలు మళ్లీ వీడియో చూస్తారా, తీర్పు మాత్రమే చదువుతారా?

మొదటి అప్పీల్లో హైకోర్టు సాక్ష్యాలన్నిటినీ తానే మళ్లీ తూచి చూడాలి, కాబట్టి వీడియో చూడొచ్చు. చూడమని మీ లాయర్ అడగాలి కూడా. గంటల వీడియో ఇచ్చి చూడమంటే కుదరదు. "ఫైల్ 3, 22:47:10 నుంచి 22:47:50, తీర్పు 31వ పేరాలో ఇలా రాశారు, తెర మీద ఇలా ఉంది" అని ఒక పట్టిక చేసివ్వండి.

ఇప్పుడు కొత్తగా ప్రైవేటు నిపుణుడి రిపోర్టు తెస్తే తీసుకుంటారా?

సీఆర్‌పీసీ 391, బీఎన్‌ఎస్‌ఎస్ 432 కింద అదనపు సాక్ష్యానికి అనుమతి అడగొచ్చు. అది లేకుండా న్యాయం తేలదని కోర్టుకు అనిపించాలి. విచారణలో ఎందుకు తేలేదో చెప్పాలి. వేలకు వేలు ఖర్చు పెట్టి రిపోర్టు తెచ్చే ముందు, ఉన్న రికార్డులోనే ఆ పాయింటు దొరుకుతుందేమో చూసుకోండి.

అప్పీలు తేలేదాకా బెయిల్ వస్తుందా?

శిక్ష నిలుపుదల పిటిషన్ వేయొచ్చు. హత్య కేసు కాబట్టి పీపీకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇచ్చాకే నిర్ణయిస్తారు. తీర్పులో పైకి కనబడే లోపం ఉంటే, ఉదాహరణకు సర్టిఫికెట్ లేని వీడియో మీదే కేసంతా నిలబడి ఉంటే, దాన్నే ముందు చెప్పాలి. అప్పీలు దగ్గర్లో విచారణకు రాకపోతే మనిషిని ఏళ్ల తరబడి జైల్లో ఉంచడం సరికాదని 1977లోనే కశ్మీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఉరిశిక్ష పడింది. మేం అప్పీలు వేయకపోయినా హైకోర్టు చూస్తుందట కదా?

చూస్తుంది. హైకోర్టు ఖాయం చేయకుండా ఉరిశిక్ష అమలు కాదు, ఇద్దరు జడ్జిలకు తగ్గకుండా వినాలి. అయినా మీ అప్పీలు మీరు వేయాల్సిందే. వీడియో మీద మీ అభ్యంతరాలు కాగితం మీదికి ఎక్కేది అక్కడే.

## హైకోర్టు తర్వాత

హైకోర్టులో ఓడిపోయాం. సుప్రీంకోర్టుకు వెళ్లొచ్చా?

ఆర్టికల్ 136 కింద ప్రత్యేక అనుమతి పిటిషన్ వేయొచ్చు, మామూలుగా గడువు 90 రోజులు. అక్కడ అప్పీలు హక్కుగా రాదు, కోర్టు అనుమతిస్తేనే విచారణ. కింది కోర్టు విడుదల చేస్తే హైకోర్టు దాన్ని తిరగేసి యావజ్జీవమో ఉరో వేసిన కేసుల్లో మాత్రం అప్పీలు హక్కే. సాక్ష్యాలను మళ్లీ మొదటినుంచీ తూచడానికి సుప్రీంకోర్టు సాధారణంగా ఇష్టపడదు. అందుకే వీడియో గురించి చెప్పాల్సిన ప్రతి పాయింటునూ హైకోర్టు అప్పీలు గ్రౌండ్స్‌లోనే రాయించండి. తీర్పులో దానికి జవాబు రాకపోతే, ఆ జవాబు రాకపోవడమే సుప్రీంకోర్టులో మీ మొదటి గ్రౌండ్ అవుతుంది.

చనిపోయినవాళ్ల తరఫున అడుగుతున్నాం. వీడియోను పక్కన పెట్టి ముద్దాయిని వదిలేశారు. మేం అప్పీలు చేయొచ్చా?

చేయొచ్చు. బాధితుల వారసులకు విడుదల తీర్పు మీద అప్పీలు చేసే హక్కు సీఆర్‌పీసీ 372 నిబంధనలో, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 413లో ఉంది. అసలు డీవీఆరే కోర్టులో ఉండి, దాని యజమాని సాక్షిగా వచ్చి అది తనదేనని చెప్పి ఉంటే కాపీకి కావలసిన సర్టిఫికెట్ అక్కర్లేదని అర్జున్ పండిత్‌రావు తీర్పులో ఉంది. మీ కేసు రికార్డులో ముందు వెతకాల్సింది అదే.